ఊరుకోమంటే ఊరుకునే కుక్క

నౌపడ నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. నాలుగు పేజీలు, రెండు వైపులా. పేరు వెయ్యవద్దన్నారు గనుక వెయ్యను. ఈ పేజీకి వచ్చే ఉత్తరాల్లో చాలావాటికి నాలుగు ముక్కల్లో జవాబు చెప్పి తప్పించుకోవచ్చు. దీనికి అలా కుదరదు. అందుచేత ఈ వారం తక్కినవారందరూ నన్ను క్షమించాలి. అత్తాకోడళ్ళ తగువులు పై వారందాకా ఆగినా పాతబడవు. బూజుపట్టిన ఆవకాయ సంగతే కొంచెం అనుమానం.

ఉత్తరంలోని విషయం ఇది. ఈవిడ అత్తగారికి అరవై రెండేళ్ళు. రెండేళ్ళ క్రితం అంగిట్లో పుండు లేచింది. వేడి అంబలికి కాలిందనుకుని కొన్ని నెలలపాటు ఉప్పునీళ్ళు పుక్కిలించారు. (ఆ ఊళ్ళో ఉప్పుకి కరువేముంది!) తీరా విశాఖపట్నం తీసుకువెళ్ళి చూపిస్తే కేన్సరన్నారు. ఆపరేషను చేశారు, కరెంటు పెట్టారు, దానితోపాటే ప్లాటినం మందు ఎక్కించారు. ఏడాదిపాటు బాగానే తిరిగారు. ఇప్పుడు మెడలో మళ్ళీ గడ్డలు. ఇక కత్తి పెట్టడానికి వీల్లేదట. “ఇమ్యూనోథెరపీ అని కొత్త ఇంజెక్షన్లున్నాయి. పనిచేస్తే చాలా బాగా పనిచేస్తాయి. అసలు పనిచెయ్యకనూపోవచ్చు,” అని డాక్టరుగారు ఖర్చు చెప్పారు. ఆ అంకె విని ఈవిడ భర్త ఎకరం పొలం అమ్ముదామన్నారు. మరిదిగారు ఒప్పుకోలేదు. అత్తగారేమో, “సచ్చిపోయేదానికి పొలం దేనికర్రా, పిల్లలకుంచండి,” అని గోడవైపు తిరిగి పడుకున్నారట.

“ఆ మందు కొందరికే ఎందుకు పనిచేస్తుంది? పనిచెయ్యనివాళ్ళకి పనిచేసేలా చెయ్యలేరా? మావారిని పొలం అమ్మమనమంటారా, వద్దనమంటారా?” అని ఆవిడ ప్రశ్నలు.

నేను డాక్టర్ని కాను. తెలిసినవాళ్ళని అడిగి, అచ్చయిన పరిశోధనలు చదివి, అర్థమైనంతవరకు చెబుతాను. దానికి ముందు మిగతా జిల్లాల పాఠకులకోసం ఒక మాట. ఉత్తరంలో నాలుగుచోట్ల “అడ్డపొగ” అని ఉంది. చుట్టని అందరిలా కాక, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడాన్ని అలా అంటారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆడవాళ్ళకే ఎక్కువ అలవాటు. మా మామ్మది టెక్కలి దగ్గర పల్లెటూరు. పర్లాకిమిడి చిన్నబండి ఎక్కడానికి నౌపడ స్టేషనులో దిగి, ఉప్పు కుప్పల మీదనుంచి వీచే గాలిలో కూర్చుని, ఆవిడ నిప్పుకొస లోపలికి పెట్టుకుని నోరు మూసేసేది. నేను బెదిరిపోయి చూస్తుంటే, “గాలికి ఆరిపోద్దే గుంటా, లోపలెట్టుకుంటే ఆరదు,” అనేది. ఆ చిన్నబండీ లేదు, మా మామ్మా లేదు. అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు.

ఈ అలవాటు మీద పరిశోధన ఈనాటిది కాదు. బొంబాయిలో ఖానోల్కర్, సూర్యాబాయి అనే శాస్త్రజ్ఞులు 1945లోనే చుట్ట కేన్సరు గురించి వ్రాశారు. 1971లో అచ్చయిన ఒక పరిశీలనకోసం డెన్మార్కు దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, మనదేశపు పరిశోధకులు కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళు పరీక్షించారు. అంటే మన పల్లెటూరి ఆడవాళ్ళ నోళ్ళు ప్రపంచ వైద్య గ్రంథాలకు ఎక్కి ఏభై ఏళ్ళు దాటింది. ఆ గ్రంథాల్లోని జ్ఞానం నౌపడ దాకా తిరిగి రావడానికే బండి దొరకలేదు.

ఇక మందు సంగతి.

కళ్ళంలో ధాన్యం ఉన్న రోజుల్లో కుక్కని కాపలా ఉంచుతారు. చీకట్లో అలికిడైతే అది లేచి మీదికొస్తుంది. ఇంటివాళ్ళయితే “ఊరుకో, మనవాళ్ళే!” అంటారు. ఆ మాట వినగానే తోక ఊపి పడుకుంటుంది. ఆ మాటకి లొంగని కుక్క ఇంట్లో ఉంటే పిల్లల పిక్కలు దక్కవు. మన రక్తంలో టి కణాలని కాపలా కణాలున్నాయి. వాటి పని ఇదే. వాటిమీద పి.డి.-1 అనే చెవి ఉంటుంది. మన శరీరంలోని కణాలు పి.డి.ఎల్.-1 అనే పదార్థాన్ని చూపించి “ఊరుకో” అంటాయి.

దొంగ ఆ మాట నేర్చుకున్నాడనుకోండి. కేన్సరు కణం చేసే మోసం అదే. అది పి.డి.ఎల్.-1 తొడుక్కుని కుక్క ఎదటే కూర్చుని ధాన్యం మూట కట్టుకుంటుంది. కుక్క చూస్తూనే ఉంటుంది.

పూర్వం డాక్టర్లు కుక్కని ఉసికొల్పాలని చూశారు. ఏళ్ళ తరబడి చూశారు, పెద్దగా లాభం లేకపోయింది. ఉసికొల్పడం కాదు, ఊరుకోమన్న మాట దాని చెవిన పడకుండా చెయ్యాలన్న ఆలోచన తర్వాత వచ్చింది. జపానులో తసుకు హోంజో బృందం 1992లో పి.డి.-1ని కనిపెట్టింది. అమెరికాలో జేమ్స్ ఆలిసన్ సి.టి.ఎల్.ఎ.-4 అనే ఇంకో చెవిని మూసి, ఎలుకల్లో కణితులు కరిగిపోవడం చూసి 1996లో ప్రకటించాడు. అమెరికా ప్రభుత్వం ఇటువంటి మందుల్లో మొదటిదాన్ని 2011లోనూ, పి.డి.-1ని మూసే మందుల్ని 2014లోనూ అనుమతించింది. 2018లో వీరిద్దరికీ కలిపి నోబెల్ బహుమానం ఇచ్చారు. మీ డాక్టరుగారు చెప్పిన ఇంజెక్షను ఈ జాతిదే. అది కేన్సరుని చంపదు. కుక్క చెవిలో దూది పెడుతుంది, అంతే. కరిచేది కుక్కే.

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంగతి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 2015లో ఆయనకి చర్మపు కేన్సరు మెదడుకి పాకింది. కరెంటుతోపాటు ఈ రకం మందూ ఇచ్చారు. ఆ ఏడాది చివరికే జబ్బు కనబడటంలేదన్నారు. 2024లో నూరేళ్ళు నిండాక పోయారు. కథ నిజమే. కాని ఆ ఒక్క కథ విని పొలం అమ్మకూడదు. మీ అత్తగారి కోవకి చెందిన రోగులమీద ఏం తేలిందో వినండి. ప్లాటినం మందు తర్వాత తిరగబెట్టిన నోటి, గొంతు, తల భాగాల కేన్సరున్న 361 మందిమీద జరిపిన పరీక్ష 2016లో అచ్చయింది. నివోలుమాబ్ అనే ఈ మందు ఇచ్చినవారిలో నూటికి 13 మందికి గడ్డలు బాగా తగ్గాయి. పాత మందులతో ఆరుగురికి. ఏడాది తిరిగేసరికి బతికున్నవాళ్ళు కొత్తమందుతో నూటికి 36 మంది, పాత మందులతో 17. రెండింతలు. అయినా నూటికి ఎనభై ఏడుగురికి గడ్డ చెప్పుకోదగినంత తగ్గలేదన్నమాట. డాక్టరుగారు రెండు నాలుకలతో మాట్లాడలేదమ్మా. నిజానికే రెండు ముఖాలున్నాయి.

దూది పెట్టినా కుక్క ఎందుకు కరవదు?

కొన్నిచోట్ల అసలు కళ్ళంలో కుక్కే ఉండదు. కణితిలోపలికి టి కణాలు రానేరాలేదు. లేని కుక్క చెవిలో దూది ఎవరు పెడతారు? కొన్నిచోట్ల కుక్క ఉంటుంది గాని, నెలల తరబడి మొరిగి మొరిగి సొమ్మసిల్లి ఉంటుంది. కొన్నిచోట్ల మందు మొదట బాగా పనిచేసి తర్వాత మానేస్తుంది. కుటుంబాలు కుంగిపోయేది ఇక్కడే. అమెరికాలో లాస్ ఏంజిలీస్ పరిశోధకులు అలా తిరగబెట్టిన నలుగురు చర్మకేన్సరు రోగుల కణితుల్ని, మందుకి ముందూ తర్వాతా పోల్చిచూసి 2016లో ప్రకటించారు. ముగ్గురిలో కారణం దొరికింది. ఒకరిలో దొంగ తన వాసనే మార్చేసుకున్నాడు. అంటే కేన్సరు కణం తన గుర్తుని పైకి చూపించే పలక పోగొట్టుకుంది, కుక్క పోల్చుకోలేకపోయింది. ఇద్దరిలో దొంగకి చెముడొచ్చింది. కుక్క మొరుగుతూనే ఉంది, టి కణాలు పంపే హెచ్చరిక కేన్సరు కణానికి వినబడ్డంలేదు. ఇవన్నీ ఎవరో తప్పుచేస్తే వచ్చినవి కావు. పథ్యం చెయ్యలేదనీ, కోడలు వేళకి జావ ఇవ్వలేదనీ మందు ఓడిపోదు. ఈ ముక్క మీ ఇంటి పెద్దలకి గట్టిగా వినబడేలా చదవండి.

పనిచెయ్యనివాళ్ళకి పనిచేసేలా చెయ్యలేరా అన్నారు. ఆ ప్రయత్నం ప్రపంచమంతటా జరుగుతోంది. దొంగకి ఇంకో మాటకూడా తెలుసని గ్రహించి, లాగ్-3 అనే మరో చెవిని మూసే మందుని నివోలుమాబ్‌తో కలిపారు. 2022లో అమెరికాలో చర్మపు కేన్సరుకి అనుమతి వచ్చింది. జబ్బు పెరక్కుండా ఆగిన కాలం నాలుగున్నర నెలలనుంచి పది నెలలకి పెరిగింది. అలాగని రెండేసి మందులు కలిపితే ఎప్పుడూ మంచిదే అనుకోవద్దు. మీ అత్తగారికి వచ్చిన తరగతి కేన్సరులో సి.టి.ఎల్.ఎ.-4, పి.డి.-1 మందులు రెండూ కలిపి ఇచ్చి, 947 మందిమీద పెద్ద పరీక్ష చేశారు. పాత చికిత్సకంటె ఆయుర్దాయం పెరిగినట్టు రుజువు కాలేదు. ఖరీదైనవి రెండు కలిస్తే ఖరీదు రెట్టింపవుతుంది. మేలు అవ్వాలని లేదు.

(భోజనాల దగ్గర ఈ పత్రిక చదివే అలవాటున్నవారు ఈ ఒక్క పేరా దాటవెయ్యండి.) మందు బాగా పనిచేసినవారి పేగుల్లోని సూక్ష్మజీవుల్ని, పనిచెయ్యనివారి పేగుల్లోకి పంపిస్తే ఎలా ఉంటుందని 2021లో ఇద్దరు బృందాలవారు చూశారు. పంపించేది మలంతోనే. ఇజ్రాయెల్‌లో పదిమందికి చేస్తే ముగ్గురికి, అదివరకు పనిచెయ్యని మందే పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఇది ఇంకా పరిశోధనే, మీరు అడగవలసినది కాదు. అయితే చికిత్సకి ముందు యాంటీబయాటిక్స్ వాడినవారికి మందు తక్కువ మేలు చేసినట్టు చాలా పరిశీలనల్లో కనబడింది. అవసరమైనప్పుడు మానకూడదు గాని, జ్వరమనగానే సందులోని దుకాణంలో మాత్రలు కొని మింగించకండి. డాక్టరుగారిని అడగండి.

ఇంకో దారి ఉంది. దొంగ కళ్ళంలో ఉండగానే, అంటే ఆపరేషనుకి ముందే దూది పెట్టడం. కణితి ఎదట ఉండగా కుక్కలు వాసన బాగా పడతాయి. ఈ పద్ధతి మేలని 714 మంది నోటి, గొంతు, తల కేన్సరు రోగులమీద తేలి, 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. మీ అత్తగారికి ఆ వేళ దాటిపోయింది. కొత్తగా జబ్బు బయటపడినవాళ్ళు ఆపరేషను తేదీ ఖాయం చేసుకునేముందు ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి.

మీకు అన్నిటికంటె పనికొచ్చే పరీక్ష మాత్రం దూరదేశంలో జరిగింది కాదు. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. నివోలుమాబ్ పూర్తి మోతాదు రెండు వారాలకొకసారి 240 మిల్లీగ్రాములు. అది మనదేశంలో నూటికి ఎంతమంది కొనగలరు? అక్కడి డాక్టర్లు మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. లెక్క వేసుకోండి, పద్దెనిమిదో వంతు. ధైర్యానికి కారణం ఉంది. మొదటి పరీక్షల్లోనే, చిన్న మోతాదుతో కూడా టి కణాల చెవులు దాదాపు పెద్ద మోతాదుతో మూసుకున్నంతా మూసుకుంటున్నాయని కనబడింది. చెవికి పట్టేది కాస్త దూదే కదా, బస్తాడు తెచ్చి ఏం లాభం?

నయం చెయ్యడం సాధ్యంకాని స్థితిలో ఉన్న 151 మందిని రెండు జట్లుగా చేశారు. అందరికీ మూడు రకాల మాత్రలు ఇచ్చారు. ఒక జట్టుకి అదనంగా ఈ చిన్న ఇంజెక్షను. ఏడాది తిరిగేసరికి మాత్రల జట్టులో నూటికి 16 మంది బతికున్నారు. ఇంజెక్షను జట్టులో 43 మంది. తీవ్రమైన బాధలు రెండో జట్టులో ఎక్కువ కాలేదు. దీన్ని పూర్తి మోతాదుతో పోల్చలేదు గనుక, అంతటి పని ఇదీ చేస్తుందని మీకు చెప్పను. కాని చేతికి అందే మందుల్లో ఇది రుజువున్న మార్గం.

ఆ మూడు మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్. దాని పుట్టుక తెలిస్తే మీ అత్తగారికి చెప్పండి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకి పెద్దగా ఉన్నప్పుడు ఆ కుటుంబం మందులు తయారయ్యాయి. వాటిలో అమినోప్టెరిన్ అనేదాన్ని బోస్టన్‌లో ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకి ఇచ్చి, గుణం కనబడిందని 1948లో వ్రాశాడు. మెథోట్రెక్సేట్ దాని చెల్లెలు. సుబ్బారావుగారు ఆ ఏడాదే పోయారు. మనవాడి మందు డెబ్భై ఏళ్ళు దాటాక కొత్తమందుకి తోడు నిలిచింది.

ఈ మాత్రతో రెండు జాగ్రత్తలు. అది వారానికి ఒక్కసారే వెయ్యాలి. రోజూ వేసుకునే మాత్రనుకుని రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఏ వారమో కేలెండరుమీద గుర్తుపెట్టి మీ చేత్తోనే ఇవ్వండి. రెండోది, మీకు పక్కనే ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బు సంగతి నేను చెప్పాలా? మూత్రపిండాలు బలహీనంగా ఉంటే మెథోట్రెక్సేట్ శరీరంలోనే నిలిచిపోయి విషమవుతుంది. మాత్రల్లో రెండోదైన సెలెకాక్సిబ్ కూడా కిడ్నీలకి చుట్టం కాదు. మీ అత్తగారి పుట్టిల్లు ఆ వైపయినా, ఆ ఇంట్లో ఎవరికి కిడ్నీ జబ్బున్నా డాక్టరు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి. క్రియాటినిన్ పరీక్ష అయ్యాకే మొదలుపెట్టనివ్వండి.

ఇంజెక్షనుతోనూ ఒక ప్రమాదం ఉంది. ఊరుకోమన్న మాట వినబడని కుక్క ఒక్కొక్కప్పుడు ఇంటివాళ్ళనే కరుస్తుంది. ఆగని విరేచనాలు, ఆయాసం, దద్దుర్లు, కళ్ళు పచ్చబడటం, అంతులేని నీరసం, ఇవి ఇంజెక్షను తీసుకున్న వారానికే కాదు, నెలల తర్వాతకూడా రావచ్చు. “చేపల కూర పడలేదు” అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. వేళకి చెబితే స్టిరాయిడ్లతో చాలావరకు లొంగదీస్తారు. ఊళ్ళో చూపించే డాక్టరుకి కూడా ఈ మందు వాడుతున్నట్టు చీటీ చూపించండి.

ఇప్పుడు పొలం. నా మాట అడిగారు గనుక చెబుతున్నాను. ఇవాళ అమ్మకండి. ముందు విశాఖలో అగనంపూడి దగ్గరున్న హోమీ భాభా కేన్సరు ఆసుపత్రికి కాగితాలన్నీ పట్టుకువెళ్ళండి. అది టాటా వారిదే. కణితి ముక్కమీద పి.డి.ఎల్.-1 పరీక్ష చేశారా, చెయ్యకపోతే చేస్తారా అని అడగండి. ఊరుకోమన్న మాట ఎక్కువగా చెప్పే కణితిలో మందుకి అవకాశం ఎక్కువ. చిన్న మోతాదు పద్ధతి మీ అత్తగారికి తగునా అని అడగండి. ఎన్నాళ్ళకి స్కాను తీసి చూస్తారో, గుణం లేకపోతే ఎప్పుడు ఆపేస్తారో ముందే చెప్పించుకోండి. మామూలుగా రెండు మూడు నెలల్లో జాడ తెలుస్తుంది. జాడ తెలిశాక, అవసరమనిపిస్తే అప్పుడు పొలం మాట మాట్లాడుకోవచ్చు. కొనేవాడు ఎక్కడికీ పోడు. మీ మరిదిగారిమీద కోపం వద్దు. ఆయన అడిగింది లెక్కే గాని దయలేక కాదని నాకు తోస్తోంది.

మీ అత్తగారిని పొలం గురించి అడగకండి. ఆ ప్రశ్నకి ఆ వయసు తల్లి ఎవరైనా చెప్పే జవాబు ఒకటే. ఆవిడకేం కావాలో అడగండి. నొప్పి లేకుండా నిద్రపోవాలా, నాలుగు మెతుకులు మింగాలా, ఇల్లు కదలకుండా ఉండాలా, ఇంకో ఏడాది చూడాలా. నొప్పికి వేరే మంచి మందులున్నాయి. ఇంజెక్షను తీసుకున్నా తీసుకోకపోయినా అవి ఇప్పించండి.

ఉత్తరం చివర “తా.క.” అని రెండు పంక్తులున్నాయి. వాటిని రెండుసార్లు చదివాను. “రెండో కాన్పు తర్వాత పంటినొప్పి అంటే అత్తే నాకూ అడ్డపొగ అలవాటు చేసింది. ఇప్పుడు ఆవిడకి తెలియకుండా దొడ్లో తాగుతున్నాను.”

1977లో మొదలుపెట్టి, మీ శ్రీకాకుళం జిల్లాతోసహా మూడు ప్రాంతాల్లో పొగాకు వాడే 36,000 మంది ఇళ్ళకి వెళ్ళి, నోరు చూసి, మానమని నచ్చచెప్పారు. చెప్పినచోట మానినవాళ్ళు పెరిగారు, నోట్లో మచ్చలు తగ్గాయి. అన్ని ఇళ్ళలోనూ మానలేదు. మానినవాళ్ళున్నారు.

రేపు పొద్దున్న వెలుతురులో అద్దం, టార్చిలైటు పట్టుకుని నోరు బాగా తెరిచి అంగిలి చూసుకోండి. తెల్లబారి మందంగా ఉన్నా, ఎర్రటి చుక్కలున్నా, మానని పుండున్నా అత్తగారితోపాటు అదే బస్సులో మీరూ వెళ్ళి చూపించుకోండి. ఏమీ లేకపోయినా వెళ్ళండి. ఏం చెప్పారో నాకు వ్రాయండి. ఆ ఉత్తరం అచ్చు వెయ్యను.